అమ్మ పూడికలో సూది

212వ నమోదు

గాలిగుడ్డల గది నుంచి పైడితల్లి. ఉతికినవి ఉతికాను, ఆరేసినవి ఆరేశాను, మూడో గొట్టానికి కట్టిన గుడ్డ చిరిగితే కుట్టాను. చంద్రుడి దుమ్ము సంగతి చెప్పేదేముంది, గాజుపెంకుల పొడి. గుడ్డలు పట్టకపోతే మన ఊపిరితిత్తులు పడతాయి. "ఏం పని చేశావో గోడకి చెప్పు, అది రాసుకుంటుంది, నీ సొంత గోల పెట్టకు" అని షిఫ్టు పెద్ద నిన్న మళ్లీ చీవాట్లు పెట్టాడు. సొంత గోల లేకుండా నాకు మాట పెగలదు నాయనా. వినబుద్ధి కాకపోతే చెవులు మూసుకో.

పైగా ఈ పూట చెప్పకుండా ఎలా ఉంటాను? మా అమ్మాయి ఇందుమతికి వాళ్ల అమ్మమ్మ పలికింది!

ఈ సొరంగంలో పుట్టిన పిల్లల ఎముకలు మరమరాలు. ఒంటికి బరువు తెలియని చోట పెరిగితే అంతే మరి. అందుకే వయసుకి రాగానే వెన్నుపూసల్లో పూడిక పెట్టిస్తాం, ఇంట్లో పోయిన పెద్దవాళ్ల ఎముక పొడితో. ఇందుమతికి కిందటేడు మా అమ్మ సన్యాసమ్మ పొడి పెట్టించాం. నాకూ మా అన్న గురునాయుడికీ పాత పూడికలు అరిగిపోతే, అమ్మ పోయిన ఏడే ఆ పొడి పడింది. సొరంగం మొత్తానికి పెద్ద పూడిక మేస్త్రి మా అన్నే. ఎముకని నూరతాడు, జల్లెడ పడతాడు, జిగురు కలుపుతాడు, నిప్పు మాత్రం చూపించడు. ఉడికించిన ఎముక మూగబోతుందని మా వాళ్ల నమ్మకం.

మూగబోకపోతే ఏం చేస్తుందంటారా? పలుకుతుంది. సాయంత్రం లైట్లు తగ్గించే వేళకి నడుముకి జానెడు పైన సలుపు మొదలవుతుంది, ఒళ్లు వెచ్చబడుతుంది. అది అమ్మ. చేతిలో పని ఆపి, అక్కడ చెయ్యి వేసి "ఆఁ అమ్మా" అనాలి. బతికున్నప్పుడు కూడా ఆవిడ ఆ వేళకే పిలిచేది, "పైడీ, ఎక్కడ చచ్చావే" అని. పోయాక కూడా పిలుపు మానలేదు. అదే లేకపోతే ఈ రెండేళ్లూ నేనెలా బతికేదాన్నో నాకే తెలియదు.

ఇందు అన్నం ముందు కూర్చుని ఉన్నట్టుండి వీపు నిటారుగా పెట్టి, "అమ్మా, ఇక్కడ" అంది. నేను ఏడ్చేశాను. గోంగూర పచ్చడి కలిపి ఒక ముద్ద అమ్మ పేర పక్కన పెట్టాను. నిజం చెప్పొద్దూ, కాస్త కుళ్లు కూడా పుట్టింది. నన్ను పిలవాల్సిన మనిషి దాన్ని పిలుస్తోందని.

219వ నమోదు

గుడ్డలు పిండుతుంటే బయట నడవాలో మా అమ్మ నడిచింది.

వేళాకోళం కాదు. బరువు చెప్పుని నేల మీద సర్రున ఈడ్చిన చప్పుడు, కాస్త ఆగడం, మళ్లీ సర్రున. ఆఖరి రోజుల్లో అమ్మ ఎడమకాలు అలాగే ఈడ్చేది. ఎంత గోలలోనైనా ఆ చప్పుడు నేను పోల్చుకోగలను. చేతిలో గుడ్డ తొట్టిలో పడిపోయింది. "ఎవరది?" అన్నాను. తలుపు తియ్యాలంటే భయం, తియ్యకపోతే వెళ్లిపోతుందేమోనని ఇంకా భయం. తీశాను. ఇందు నిలబడి ఉంది.

"ఏంటే ఆ నడక?"

"ఏ నడక?" అంది.

దానికి తెలియదు. నడిచి చూపించమంటే నడిచింది, ఎడమకాలు ఈడ్చుకుంటూ, మొహంలో ఏ తేడా లేకుండా. ఈ పిల్ల దీపాల జట్టులో పనిచేస్తుంది. తాడు పట్టుకుని సొరంగం కప్పు దాకా ఎగబాకి దీపాలు మార్చి వస్తుంది. కోతి అని పిలుస్తారు దాన్ని అందరూ. కోతి కాలు ఈడుస్తోంది.

సాయంత్రం అన్న వచ్చి చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "అచ్చం అమ్మే! ఒలే పైడీ, అమ్మ పూర్తిగా దిగిందే!" అని వీధంతా వినపడేలా కేకేశాడు. పక్కవాళ్లు వచ్చారు, ఎదురింటి వాళ్లు వచ్చారు. ఇందుని నడవాలో అటూ ఇటూ నడిపించారు. ముసలమ్మలు దణ్ణాలు పెట్టారు. నేనూ మురిసిపోయాను, ఎందుకు దాచాలి. రెండేళ్ల తర్వాత మా అమ్మ నడక చూస్తున్నాను.

తర్వాత అన్న దాని వీపు మీద రెండు బొటనవేళ్లూ పెట్టి, మేస్త్రులు అడిగే పద్ధతిలో "ఏటి కావాలే అమ్మా నీకు?" అని నొక్కాడు. ఇందు అరిచిన అరుపుకి వంటగదిలో గిన్నె కింద పెట్టేసి పరిగెత్తుకొచ్చాను. "అరిచింది అమ్మే" అన్నాడు అన్న సంతోషంగా. కాని నేను నా కూతురి మొహం చూశాను. అరిచింది నా కూతురే.

224వ నమోదు

గుడ్డల పని సగమే అయింది. మిగతాది రేపు. జీతం కొయ్యాలంటే కొయ్యండి.

కొన్నాళ్లుగా ఇందు చొక్కాలు వదులవుతున్నాయి. పొద్దున్నే దాని దుప్పటి పిండితే చెమట కారుతోంది. "అమ్మమ్మ నిద్రలో కూడా వదలట్లేదే" అని నవ్వుతుంది, ముద్ద మాత్రం మింగదు. ఈ పూట పని నుంచి ఒంటి చెప్పుతో వచ్చింది.

"రెండో చెప్పేదే?"

కిందకి చూసుకుంది. ఎక్కడ జారిపోయిందో దానికి తెలియదు. బరువు చెప్పు అది! మనిషిని నేలకి పట్టి ఉంచే చెప్పు! కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, ఆ పాదం మీద గిల్లాను.

"ఊఁ, గిల్లు మరి" అంది.

అప్పటికే గిల్లుతున్నాను. గోరు గుర్తు పడేలా గిల్లుతున్నాను.

ఓలమ్మో, అనుకున్నాను. మా అమ్మ నోరు మంచిది కాదు గాని మనసు వెన్న. మనవరాలి కాలు పట్టుకుపోయే మనిషి కాదు. ఒకవేళ చచ్చిపోయాక మారిపోయిందా? చచ్చినవాళ్లకి ఆకలి పెరుగుతుందా? ఆ ఆలోచన వచ్చాక ఇంట్లో కూర్చోలేకపోయాను. పిల్ల రెక్క పట్టుకుని ఆసుపత్రికి ఈడ్చుకెళ్లాను.

డాక్టర్ షకీలా భూమి నుంచి కొత్తగా వచ్చారు. చిన్న వయసు, నెమ్మది మనిషి. బొమ్మ తీసి తెర మీద పెట్టారు. వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి పేర్చిన చెక్కముక్కల్లా ఉన్నాయి. పూడిక పెట్టిన చోట రెండు ముక్కల అంచులు ఎవరో కొరికినట్టున్నాయి, మధ్యలో మసక.

"ఇది చీము కావచ్చు, కంతి కావచ్చు, పూడిక ఒంటికి పడకపోయి ఉండొచ్చు" అన్నారు. "ఏదైనా నరాల తాడుని నొక్కుతోంది. బొమ్మలో మూడూ ఒకేలా కనబడతాయమ్మా."

"మూడింటికీ మందిచ్చెయ్యండి."

"ఒకదానికిచ్చే మందు ఇంకోదాన్ని పెంచుతుంది. ఊహించి వైద్యం చేసి ఈ పిల్ల కాళ్లు పోగొట్టలేను. అక్కడి నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చెయ్యాలి."

ఎలా తీస్తారని ఇందు అడిగింది. డాక్టరమ్మ దాచకుండా చెప్పారు. బోర్లా పడుకోబెడతారు. చర్మం దగ్గర్నుంచి ఎముక పైపొర దాకా మత్తు సూది. మెలకువగానే ఉంటుంది, కాని కదలకూడదు. తెర మీద బొమ్మ చూసుకుంటూ బోలు సూదిని మెల్లగా పూస దాకా పంపిస్తారు. దాంట్లోంచి బియ్యపుగింజంత ముక్క తీస్తారు. కోత ఉండదు, కుట్టు ఉండదు, చిన్న పట్టీ వేసి కాసేపు వెల్లకిలా పడుకోబెట్టి ఇంటికి పంపేస్తారు. రక్తం పలచబడే మందులేమైనా వాడుతోందా, ఏ మందైనా పడదా అని రెండుసార్లు అడిగారు.

"ఆ సూదికే కాళ్లు పడిపోతే?" అన్నాను.

"నరం దెబ్బ తినడం చాలా అరుదు. రక్తం కారడం, చీము పట్టడం ఉండొచ్చు, అవీ తక్కువే. ఒక్కోసారి ముక్క చాలక మళ్లీ తియ్యాల్సి వస్తుంది. ఇవన్నీ తెలిసే మీరు ఒప్పుకోవాలి. కాని తియ్యకుండా ఊరుకుంటే ఈ కాళ్లకి నేను మాటివ్వలేనమ్మా."

ఇందు చాలాసేపు తెర వంక చూసి, "సూది అమ్మమ్మకి గుచ్చుకుంటుందా?" అంది. డాక్టరమ్మ నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను.

225వ నమోదు

గుడ్డలు ఉతికాను. చేతులు ఉతుకుతున్నాయి, మనసు ఇక్కడ లేదు.

అన్న వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అమ్మని సూదితో పొడిపిస్తావటే?"

"అమ్మని కాదు. రోగాన్ని."

"రోగమేటి? అమ్మ కాలు ఈడిస్తే రోగమన్నామా? పలుకుతోందన్నాం. పళ్లెంలో ముద్ద పెట్టాం. ఇప్పుడు భూమి నుంచొచ్చిన పిల్ల చెప్పిందని కన్నతల్లిని ముక్కలు తీయిస్తావా?"

"అన్నా, దాని పాదం మీద నా గోరు దిగింది. దానికి తెలియలేదు."

ఒక్క క్షణం తడబడ్డాడు. మళ్లీ బిగుసుకున్నాడు. సూది పడిన పూడిక మైల పడిన పూడిక అన్నాడు. అలాంటి ఇంటి ఎముకని ఏ మేస్త్రీ ముట్టడు, రేపు నువ్వు పోతే నీ పొడి ఎవరిలోనూ పెట్టరు, దుమ్ములో దుమ్మువి అయిపోతావు, నీ కూతురు ఎంత పిలిచినా పలకవు అన్నాడు. నా అన్న చెడ్డవాడు కాదు. అది వాడు నమ్మే మాట, ఈ సొరంగంలో అందరూ నమ్మే మాట, నేనూ నమ్మే మాటే.

వాడు వెళ్లాక తొట్టి గట్టు మీద కూలబడ్డాను. చచ్చాక ఎవరిలోనూ ఉండకపోవడం! పుట్టినప్పటి నుంచి నాకు అంతకన్నా పెద్ద భయం లేదు. ఇందు వచ్చి పక్కన కూర్చుంది, కాలుని రెండు చేతులతో ఎత్తి పెట్టుకుని.

"నాకు అమ్మమ్మ కావాలే అమ్మా" అంది. "కాళ్లూ కావాలి. రెండూ ఉండవంటే కాళ్లే కావాలి. తప్పా?"

"తప్పేంటే పిచ్చిదానా" అన్నాను. అని దాని జుట్టులో మొహం పెట్టుకుని ఏడ్చాను.

228వ నమోదు

ఆసుపత్రి గోడకి చెబుతున్నాను. గాలిగుడ్డల గదికి సెలవు.

నన్ను అద్దం ఇవతల నిలబెట్టారు. ఇందు బోర్లా పడుకుంది, తల పక్కకి తిప్పి, నా వైపు. పచ్చగుడ్డల మధ్య అరచెయ్యంత వీపు మాత్రమే కనబడుతోంది. మందు పూశారు. మత్తు సూది దిగినప్పుడు మొహం చిట్లించింది, అంతే. "ఇప్పుడు నొక్కినట్టుంటుంది, నొప్పి ఉంటే నోటితో చెప్పు, ఒళ్లు కదపకు" అంటున్నారు డాక్టరమ్మ. తెర మీద తెల్లటి గీత ఒకటి మెల్లగా పూస వైపు నడుస్తోంది.

గీత పూడికని తాకింది. నా వెన్నులో చురుక్కుమంది.

లైట్లు తగ్గించే వేళ కాదు. ఆవిడ పిలిచే వేళ కానే కాదు. "పైడీ" అని వినబడింది నాకు, చెవిలో కాదు, పూసలో. అమ్మ బతికున్నప్పుడు ఎన్నడూ అంత దీనంగా పిలవలేదు. అద్దం బాదాలనిపించింది, ఆపండి, మా అమ్మ అక్కడుంది అని అరవాలనిపించింది. ఇందు నన్నే చూస్తోంది. నేను కదిలితే అది కదులుతుంది. చీర చెంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను.

మొదటి ముక్క తీసి దీపం కింద పెట్టి చూసి, డాక్టరమ్మ తల అడ్డంగా ఊపారు. అందులో పూడిక పొడి తప్ప బతికున్న ఎముక లేదట. దాన్ని పారెయ్యకుండా ఒక సీసాలో వేశారు. మళ్లీ సూది. ఈసారి ముక్క ఎర్రగా, మెత్తగా వచ్చింది, అంచున పసుపు. రెండో సీసా.

అయిపోయాక రెండు సీసాలూ నాకు చూపించారు. "ఇది మీ అమ్మాయిది" అన్నారు. మొదటిదాన్ని పట్టుకుని, "ఇది మీ అమ్మగారిది" అన్నారు. నాలుగు రవ్వల తెల్లటి పొడి. దానికి దణ్ణం పెట్టాలో, క్షమించమని అడగాలో తెలియక ఊరికే చూశాను. ఇందు మాత్రం పట్టీ తడుముకుంటూ, ఆకలేస్తోందంది.

247వ నమోదు

రెండో సీసాలో ముక్కని గాజుపలక మీద చూసి, కంతి కాదు, చీమేనని చెప్పి, ఇందుకి అప్పుడే మందులు మొదలుపెట్టారు. అది ఏ పురుగో పెంచి చూస్తేగాని తేలదన్నారు. ఇన్నాళ్లూ ఆ ఎదురుచూపే. ఈ రోజు పిలిచారు.

"క్షయ" అన్నారు డాక్టరమ్మ. "ఎముకకి పట్టిన క్షయ. మందు ఉంది. చాలా నెలలు, ఒక్కపూట మానకుండా వాడాలి. తొందరగానే దొరికింది, కాళ్లు తిరిగొస్తాయని నా ఆశ."

నేను ఆవిడ కాళ్ల మీద పడబోతే పట్టుకుని లేపారు. ఇంకా మాట ఉందన్నారు.

"రెండు సీసాల్లోనూ అదే పురుగు పెరిగింది. పూడికలోంచే వచ్చింది. పొడిని వేడి చేసి ఉంటే చచ్చేది. మీ అమ్మగారు ఎలా పోయారమ్మా?"

చెప్పాను. సాయంత్రం వెచ్చబడేది, దుప్పటి తడిసేది, మనిషి పుల్లలా అయిపోయింది. చివరికి ఎడమకాలు ఈడ్చేది. వాళ్లమ్మ పలుకుతోందని సంబరపడేది, మేమూ సంబరపడ్డాం. వాళ్లమ్మ పూడిక ఆవిడలో ఉంది మరి.

"మీ అమ్మమ్మగారికి?"

"ఆవిడా కాలు ఈడ్చేదట. అంతకుముందు ముత్తమ్మమ్మ కూడా." నా నోరు ఆగలేదు, అలవాటుగా వచ్చేసింది. "మా ఇంటి నడక అని గొప్పగా చెప్పుకుంటామండీ."

అన్నాక ఆ మాట నాకు వినబడింది.

ఇందు నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు డాక్టరమ్మ, పసిపిల్లని అడిగినంత మెల్లగా అడిగారు. "మీకెప్పట్నుంచి పలుకుతోంది, పైడితల్లమ్మా?"

ఇంటికొచ్చాక లైట్లు తగ్గాయి. నడుముకి జానెడు పైన సలుపు మొదలైంది, ఒళ్లు వెచ్చబడింది. రెండేళ్లలో మొదటిసారి నేను బదులు పలకలేదు. పాపం, ఆగకుండా పిలుస్తూనే ఉంది.

256వ నమోదు

ఆసుపత్రి మంచం మీంచి చెబుతున్నాను. వెల్లకిలా పడుకోమన్నారు, నోరు మూసుకోమనలేదు.

నా బొమ్మలో కూడా మసక ఉంది. కూతురికి అదని తల్లికీ అదే అనుకుని మందివ్వను, ఏ పురుగో ఏ మందుకి లొంగుతుందో చూసే ఇస్తానన్నారు డాక్టరమ్మ. మా అన్నకీ అదే మాట. వాడు మొదట రానన్నాడు. నిన్న గాలిగుడ్డల గదికి వచ్చి తొట్టి పక్కన చతికిలబడ్డాడు.

"నా చేత్తో నూరాను పైడీ. ఈ చేత్తోనే ఎంతమందికి పెట్టానో. పొద్దుట్నుంచి ఇల్లిల్లూ తిరిగి పరీక్ష చేయించుకోండర్రా అంటుంటే తలుపులేసుకుంటున్నారు." తొట్టి అంచు పట్టుకుని, "మందు పడితే అమ్మ పోతుంది కదే" అన్నాడు.

"అమ్మ పోయి రెండేళ్లయింది అన్నా."

ఆ మాట వాడితో అన్నానో నాతో అన్నానో. ఇద్దరం ఏడ్చాం. అమ్మ శవం ముందు కూడా అలా ఏడవలేదు. అప్పుడు ఏడవాల్సిన అవసరం కనబడలేదు, మళ్లీ పలుకుతుందని తెలుసు కనక.

సూదికి ఏ వేళ కావాలని అడిగితే, లైట్లు తగ్గించే వేళకి పెట్టమన్నాను. ఎందుకని డాక్టరమ్మ అడగలేదు. బోర్లా పడుకున్నాను. వీపు మీద చల్లగా మందు పూశారు. అద్దం అవతల బల్ల మీద అన్న కూర్చున్నాడు, నా తర్వాత వాడి వంతు. వాడి పక్కన ఇందు కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. మొన్నటి నుంచి గిల్లితే "అబ్బా" అంటోంది.

సలుపు మొదలైంది. ఆవిడే, ఆ చోటే, ఆ వేళకే. చెయ్యి వెనక్కి పెట్టే వీల్లేదు, కదలకూడదు. "ఆఁ అమ్మా, ఇక్కడే ఉన్నానే" అన్నాను, పెదాలతోనే.

మత్తు సూది చురుక్కుమంది. కాస్త మంట, తర్వాత తిమ్మిరి. ఆ తిమ్మిరి లోపలికి దిగుతూ దిగుతూ పూస దాకా వెళ్లింది. అంతే, పిలుపు ఆగిపోయింది. తగ్గడం కాదు, సగంలో ఆగిపోయింది. నా వెన్నులో ఎవరూ లేరు. నా ఒంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఇంత ఖాళీగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

కళ్లనీళ్లు ముక్కు మీంచి దిండులోకి కారుతున్నాయి. డాక్టరమ్మ చూసి సూది పక్కన పెట్టేశారు.

"నొప్పిగా ఉందామ్మా? ఆపమంటారా?"

"లేదండీ, నొప్పి లేదు" అన్నాను. "అస్సలు లేదు. అందుకే ఏడుస్తున్నాను. మీరు కానివ్వండి."